నిమ్మతోట మలుపులో గోడ

ఎర్సీలియా విప్పకుండా వదిలేసి ఉంటే, నిమ్మతోట మలుపులోని ఆ గోడ కూలేదా, నిలిచేదా?

ఇన్నేళ్లయినా ఈ ప్రశ్నకు జవాబు లేదు. కాలానేరాలో అడిగితే “ఇంకో రెండు వానలకి కూలేది” అంటారు. పొర్తేతోలో అడిగితే “మన మనవల పెళ్లిళ్ల దాకా ఉండేది” అంటారు. రెండూళ్లకూ మధ్య కొండ అంచున గంటన్నర నడక. దారికి ఒకపక్క, బాగా కింద, సముద్రం. ఇంకోపక్క మీదకి మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలు. ఆ మెట్లను నిలబెట్టేవి రాతిగోడలు. వాటిలో సున్నం లేదు, సిమెంటు లేదు. రాయి మీద రాయి పేర్చి కట్టినవి. విప్పిన గోడను మళ్లీ పేర్చవచ్చు. కానీ విప్పకముందు అది ఏ స్థితిలో ఉండేదో వెనక్కి వెళ్లి చూడటం ఎవరి తరమూ కాదు.

ఎర్సీలియా కాలానేరాలోనే పుట్టింది. తండ్రి గోడలు పేర్చేవాడు. ఆ రోజుల్లో రాళ్లు మోయడం ఆడవాళ్ల పని, పేర్చడం మగవాళ్ల పని. ఏడో ఏట నుంచే ఆమె నెత్తిన చుట్టకుదురు పెట్టుకుని, తల్లి వెనకాల, తన తలకు తగ్గ రాయి మోసింది. పద్నాలుగో ఏట తండ్రి తుంటి విరిగింది. అన్నలిద్దరూ అప్పటికే ఓడల్లో చేరి ఏ రేవులో ఉన్నారో తెలియదు. సగం కట్టిన గోడ నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆయన ఊరుకోలేదు. గాడిద మీద కుర్చీ వేయించుకుని, తానూ ఎక్కి అక్కడికి వెళ్లి, కుర్చీలో కూర్చుని “తిప్పవే! ఇంకా తిప్పు! ఏ వైపు పడుకుంటుందో ఆ రాయినే అడుగు!” అని అరుస్తూ ఆ పిల్ల చేత గోడ పూర్తి చేయించాడు. ఊళ్లో మగవాళ్లు నవ్వారు. తర్వాతి ఏడు వాళ్లే వచ్చి తమ గోడలు చూడమని పిలిచారు.

తండ్రి నేర్పిన వాటిలో గోడ వినడం ఒకటి. గోడకు చెవి ఆనించి కొయ్య సుత్తితో తట్టాలి. కడుపు నిండిన గోడ ఠక్కుమని ఊరుకుంటుంది. లోపల డొల్ల ఉన్న గోడ తట్టాక కూడా కాసేపు గొణుగుతుంది. ఆ గొణుగుడు పట్టుకోవడానికి ఆమెకు ఆరేళ్లు పట్టింది.

పని వచ్చిన వాళ్లు చాలామంది ఉంటారు. ఎర్సీలియాకు పనికంటే ఆరా ఎక్కువ. గోడ కూలిందంటే అందరూ నష్టం చూసేవారు. ఆమె లోపలికి తొంగిచూసేది. ఏ తాతల నాటి వాళ్లో రాళ్ల మధ్య వదిలేసినవి ఆమెకు దొరికేవి: మట్టి చుట్టగొట్టం, ఒంటి పసిబూటు, మైనం అంటిన సీసా మూత. దొరికిన దాన్ని జేబులో వేసుకుని ఇల్లిల్లూ తిరిగేది. “ఇది ఎవరిదై ఉంటుంది? ఒంటి బూటేనా, రెండోది ఎక్కడ?” అని అడిగేది. పెళ్లయింది, భర్త రైల్వేలో చేసి పోయాడు, పిల్లలు లేరు. జెనోవాలో ఒక చెల్లెలు మాత్రం ఉండేది.

ఒకసారి నీళ్లతొట్టి దగ్గరి గోడ గొణుగుతోందని ఆమె చెబితే, మునిసిపాలిటీ వాళ్లు గబగబా సిమెంటు మెత్తించి వెళ్లారు. సిమెంటు మెత్తిన గోడకు వాన నీరు బయటికి పోయే దారి ఉండదు. ఆ శీతకాలంలోనే అది రెండు వరసల ద్రాక్షను వెంటబెట్టుకుని సముద్రంలోకి వెళ్లింది. అప్పటి నుంచి రెండూళ్లకూ ఒక అలవాటు ఏర్పడింది. శీతకాలమంతా మూసి ఉంచిన దారిని, ఎర్సీలియా చివరంటా నడిచి, ప్రతి గోడా విని, “నిలుస్తుంది” అన్నాకే తెరవాలి. ఆమె మాటకు కాగితం లేదు, ముద్ర లేదు. అయినా దాన్ని కాదని దారి తలుపు ఎవరూ తెరిపించలేదు.

దారి తలుపు తాళంచెవి ఒరెస్తె దగ్గర ఉండేది. నలభై దాటిన మనిషి. రైల్వే స్టేషనులో సామాన్లు మోసి మోసి, నడుము పట్టేసి, ఈ దారి కాపలా ఉద్యోగంలో చేరాడు. ఏదైనా తనే తేల్చుకోవలసి వస్తే అతనికి కడుపు నొప్పి వచ్చేది. ఎర్సీలియా ఉన్నన్నాళ్లు ఆ నొప్పి రాలేదు; ఆమె చెప్పేది, అతను తాళం తీసేవాడు.

ఆమెకు డెబ్బైమూడేళ్లు నిండిన ఏడు, ఈస్టరుకు ముందు నలభై రోజుల తపస్సుకాలమంతా వానలే. మట్టల ఆదివారం ముందు రోజు శనివారం ఇద్దరూ గోడలు వినడానికి బయలుదేరారు. ఒరెస్తె చేతిలో గుర్తులు పెట్టడానికి ఎర్రరంగు డబ్బా. గురువారం సాయంత్రం దాకా నైరుతి గాలి కొట్టింది. నైరుతి గాలి కొట్టాక సముద్రం సద్దుమణిగేదాకా నిమ్మతోట మలుపులో గోడ వినకూడదు. ఆ మలుపు కింద కొండలో ఒక బిలం ఉంది. అల అందులో దూరినప్పుడల్లా కొండ కడుపులో ఉరుము ఉరిమినట్టవుతుంది, పైనున్న రాళ్లన్నీ దానికి వంత పాడతాయి. కాలానేరాలో పాలపళ్లు ఊడని పిల్లలకు కూడా ఈ సంగతి తెలుసు.

మలుపు దగ్గరికి వచ్చేసరికి కింద దభీ దభీమంటోంది.

“అత్తా, సముద్రం...” అన్నాడు ఒరెస్తె.

“సముద్రానికేంరా, పాలు తాగిన పిల్లిలా పడుకుంది” అంది ఎర్సీలియా.

ఒరెస్తె నవ్వాడు. ఆమె మాటే అంత. గోతాం బస్తాలాంటి మేయరును “ఆ బక్కాయన” అంటుంది. చలికి పళ్లు కటకటలాడుతుంటే “ఏం ఉక్క, ఏం ఉక్క” అంటుంది. ఇదీ అలాంటిదే అనుకున్నాడు.

ఆమె గోడకు చెవి ఆనించింది. తట్టింది. మళ్లీ తట్టింది. చోటు మార్చి, మోకాళ్ల మీద కూర్చుని, కింది వరసలో తట్టింది. ఆమె అంతసేపు వినడం ఒరెస్తె ఎప్పుడూ చూడలేదు. చివరికి లేచి, మోకాళ్లు దులుపుకుని, “గొణుగుతోంది. తలుపు తెరవకు” అంది.

“సోమవారం తర్వాతి సోమవారం ఈస్టరు సోమవారం అత్తా.”

“క్యాలెండరు నాకూ ఉందిరా.”

ఈస్టరు సోమవారం అంటే ఆ తీరంలో ఇంట్లో కూర్చునేవాడు ఉండడు. రొట్టె, గుడ్లు, ద్రాక్షసారా మూట కట్టుకుని అందరూ దారిన పడతారు. కింద సముద్రం మోతను ఒరెస్తె చెవులారా విన్నాడు. కానీ ‘ఆమెకి తెలియదా, నాకు తెలుసా? దాన్ని కూడా లెక్కలో వేసుకునే ఉంటుంది’ అనుకుని నోరు మూసుకున్నాడు.

మలుపు దాటగానే నీవెస్ భోజనశాల. నీవెస్ ఒరెస్తెతో బడిలో చదువుకుంది. కోపం ఆమెకు పొద్దుట కాఫీతోపాటే మొదలవుతుంది. సంగతి తెలియగానే చేతిలో గరిటెతో బయటికి వచ్చింది.

“తెరవరా? ఎనభై మందికి నెత్తళ్ల చేపలు చెప్పానే! ముప్పైమూడు పొరల ఈస్టరు రొట్టెకి ఆకుకూర కోసి పెట్టానే! అదంతా ఎవరు తింటారు, ఆ గోడ తింటుందా?”

“ముప్పైమూడు పొరలా? పోయినేడు నేను లెక్కపెట్టానే పిల్లా, పదకొండే ఉన్నాయి” అంది ఎర్సీలియా.

“నీ పళ్లు లెక్కపెట్టుకోలేకపోయావా!”

“అవి తొందరగా అయిపోతాయి.”

ఒరెస్తె ఎటూ చూడకుండా రంగు డబ్బా మూత బిగించాడు.

సోమవారం పొద్దున మేయరు నగరం నుంచి ఇంజనీరును రప్పించాడు. ఆయన గోడ మీంచి తూకపుదారం వదిలాడు, రసమట్టం పెట్టాడు, ఎక్కడా వాలు లేదు, ఉబ్బు లేదు అన్నాడు. రాసిచ్చాడు కూడా. మేయరు ఆ కాగితం ఒరెస్తెకు ఇచ్చి, “ఇదిగో, అంతా బాగుందట. అయినా తాళంచెవి నీదే కదా, నీ ఇష్టం” అని వెళ్లిపోయాడు. తెరిస్తే ఎర్సీలియా మాట అక్కడితో సరి. ఒకసారి దాటిన మాటను ఏటేటా దాటుతారు. తెరవకపోతే ఇంజనీరు కాగితం, నీవెస్ గరిటె.

పొద్దు వాలేవేళకు ఆమె ఇంటికి వెళ్లాడు. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

“ఏం చెయ్యమంటావు అత్తా?”

“విప్పి చూద్దాం.”

“మంచి గోడ అయితేనో?”

ఆ తీరంలో ఒక కట్టుబాటు ఉంది. చెడిన గోడను విప్పితే ఊరంతా వచ్చి రాళ్లందిస్తుంది. మంచి గోడను విప్పితే విప్పినవాళ్లే ఒంటరిగా పేర్చాలి. పక్కవాళ్లు గులకరాయి కూడా ముట్టుకోరు.

“అయితే నేనే కడతాను” అంది ఎర్సీలియా.

“నీ వయసుకి...”

“నా వయసు సంగతి నా వయసు చూసుకుంటుంది. ఒరేయ్ ఒరెస్తె, అది మా నాన్న కట్టిన గోడరా. ఆయన పనిలో డొల్ల ఉండటం నేను చూడలేదు. మరెందుకు గొణిగింది? అది చూడకుండా నాకు అన్నం సహించదు.”

మంగళవారం తెల్లవారేసరికి ఆమె పైవరస తలరాళ్లు దించడం మొదలుపెట్టింది. గోడ రెండు బారల పొడవు, ఆమె గడ్డం అంత ఎత్తు. దించిన రాళ్లను దారి పొడుగునా వరసలు పెట్టింది: తలరాళ్లు ఒక వరస, బయటికి కనిపించే ముఖపు రాళ్లు ఒక వరస, కడుపులో నింపే చిన్నరాళ్లు ఒక కుప్ప. అటూ ఇటూ జనం పోగయ్యారు. పొర్తేతో మంగలి దుకాణం మూసి మరీ వచ్చాడు.

“చూడండి, ఆ చిన్నరాళ్లు ఎంత బిగువుగా కూర్చున్నాయో! ఇది చెడిన గోడా? నా కాపురం ఇంత గట్టిగా ఉంటే చాలు” అన్నాడు.

“నీ కాపురాన్ని కూడా ఒకసారి విప్పి చూస్తే తెలుస్తుంది” అన్నాడు కాలానేరా పోస్టుమాస్టరు. అటూ ఇటూ అందరూ నవ్వారు.

బుధవారం మధ్యాహ్నానికి అడుగు వరస కనిపించింది. అక్కడ, వెనకవైపు, రొట్టె పట్టేటంత బొరియ ఉంది. లోపల తడి బంకమన్ను.

“అదిగో!” అన్నారు కాలానేరా వాళ్లు.

“ఏది అదిగో? మీదున్నవి లాగితే కిందివి జారి అయింది అది” అన్నారు పొర్తేతో వాళ్లు.

ఎర్సీలియా బొరియలో చెయ్యి పెట్టింది. మన్ను తీసి వాసన చూసింది. వేళ్ల మధ్య నలిపింది. జనం కాసేపు అరుచుకుని, ఆకలై, భోజనాలకు చెదిరిపోయారు. ఒరెస్తె ఒక్కడే మిగిలాడు.

మళ్లీ నైరుతి గాలి లేచింది. కింద బిలంలో అలలు దూరుతున్నాయి. ఒరెస్తె రొట్టె తుంచుతుండగా ఎర్సీలియా చిన్నరాళ్ల కుప్పకేసి చూస్తూ ఉండిపోయింది. కుప్ప పైనున్న ఒక రాయి తనంతట తాను జారింది. ఆగింది. ఇంకోటి జారింది. ఆమె వంగి అరచెయ్యి నేల మీద ఆనించింది. దారి అంచుకు వెళ్లి కిందికి చూసింది. తెల్లని నురగ కొండ సగం దాకా ఎగిరి పడుతోంది.

“ఒరెస్తె, ఇప్పుడు చప్పుడవుతోందా?”

“దేని చప్పుడు?”

“సముద్రం.”

ఒరెస్తె నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. “అవుతోంది అత్తా.”

“గట్టిగానా?”

“ఉరిమినట్టు.”

“మొన్న శనివారం?”

“ఆ రోజూ అయింది.”

“మరి చెప్పవేంరా?”

“చెప్పబోయాను. పిల్లిలా పడుకుంది అన్నావు. హాస్యమాడుతున్నావు అనుకున్నాను.”

ఎర్సీలియా అడుగు వరస రాయి మీద కూర్చుంది. తర్వాత మోకాళ్లు వంచి, నేలలో నాటుకుని ఉన్న పెద్దరాయికి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. “ఆనిస్తే వినపడుతోంది. తలెత్తితే లేదు” అంది. చెవి తీసి, మళ్లీ ఆనించి, మళ్లీ తీసి చూసింది, కొత్త తాళం దొరికిన పిల్లలా. “ఎంత చిత్రం! మనుషుల మాటలు వినపడుతున్నాయి. నీ నమలడం కూడా వినపడుతోంది. సముద్రం ఒక్కటే వెళ్లిపోయింది. ఎప్పుడు వెళ్లిందో చూసుకోనే లేదు.”

“అయినా బొరియ ఉంది కదా అత్తా. నువ్వన్నది తప్పు కాదుగా.”

“బొరియ ఉంది. అది ముందే ఉందో, నేను విప్పుతుంటే అయిందో మన్ను చెప్పడం లేదు. నేను విన్నది బొరియనో, సముద్రాన్నో చెవి చెప్పడం లేదు. ఇంక ఎవర్ని అడుగుతాం?” ఆమె లేచింది. “మంచి గోడే అనుకో. నేనే కడతాను.”

భోజనాలు చేసి తిరిగివచ్చిన కాలానేరా వాళ్లు పన్నెండు మంది దాకా చొక్కా చేతులు మడిచి రాళ్లందించడానికి సిద్ధమయ్యారు. ఎర్సీలియా వాళ్లకు ఉన్నది ఉన్నట్టు చెప్పింది: సముద్రం మోత తనకు వినపడలేదని, ఆ రోజు గోడ వినడం తప్పని. ఎవరూ నమ్మలేదు. “అలిసిపోయి అంటోంది పాపం” అన్నాడు పోస్టుమాస్టరు. ఒకడు వంగి రాయి ఎత్తబోయాడు. “దించు” అంది ఆమె. వాడు దించాడు. ఆ మాటను మాత్రం ఎవరూ దాటలేదు.

బుధవారం సాయంత్రం నుంచి శనివారం దాకా ఆమె ఒక్కతే పేర్చింది. పెద్ద రాళ్లను ఎత్తలేక, పలక వాలుగా ఆనించి, దాని మీద దొర్లించి ఎక్కించింది. బొరియ ఉన్నచోట మన్నంతా తోడి చిన్నరాళ్లు బిగించింది. ఒరెస్తె చేతులు చంకల్లో దోపుకుని కూర్చునేవాడు. చేతులు బయట ఉంటే అవే రాయి వైపు వెళ్లేవి. శుక్రవారం మధ్యాహ్నం నీవెస్ మూత పెట్టిన గిన్నె తెచ్చి గోడ పక్కన దించింది. నెత్తళ్లూ బంగాళాదుంపలూ.

“రాయి ముట్టుకోకూడదన్నారు గాని గిన్నె ముట్టుకోకూడదని ఎవరూ అనలేదుగా” అంది, ఎవరినో తిడుతున్నట్టు.

ఎర్సీలియా మూత తీసి చూసింది. “ఉప్పు తక్కువేశావు.”

“తినకముందే ఎలా తెలిసింది?”

“నువ్వు ఎప్పుడూ తక్కువే వేస్తావు.”

నీవెస్ అక్కడే కూర్చుని, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆమెను తిట్టింది.

శనివారం సాయంత్రానికి తలరాళ్లు ఎక్కాయి. సముద్రం నిజంగానే పడుకుంది. ఒరెస్తె అంచుకు వెళ్లి రెండుసార్లు విన్నాడు, చప్పుడు లేదు.

“రా, చెవి ఆనించు” అంది ఎర్సీలియా.

“నేనా?”

“నీకు రెండు చెవులున్నాయి. కాపలాదారువి. ఆనించు.”

అతను ఆనించాడు. ఆమె తట్టింది. పైవరస, నడిమివరస, అడుగువరస. ఇన్నేళ్లుగా ఆమె వెనక నడుస్తూ, ఆమె ముఖం చూసి గోడ సంగతి తెలుసుకున్నవాడే గాని, గోడను ఎన్నడూ వినలేదు. రాయి చల్లగా చెంపకు తగిలింది. లోపల ఎక్కడో ఠక్కుమంది, అంతే.

“ఏదో కొయ్య తలుపు మూసినట్టు, దగ్గరగా...”

“కథలొద్దు. నిలుస్తుందా, నిలవదా?”

ఒరెస్తెకు కడుపు మెలిపెట్టింది. ఆమె ముఖంలోకి చూశాడు. అక్కడ ఏమీ దొరకలేదు. ఆమెకూ తెలియదు, అతను చెబితే తెలుసుకుందామని కుతూహలంగా చూస్తోంది.

“నిలుస్తుంది” అన్నాడు.

“తప్పయితే?”

“నేను విప్పుతాను. నేనే కడతాను.”

ఆమె తలూపి, నడుము మీద చేతులు పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

ఈస్టరు సోమవారం పొద్దున ఆరున్నరకు ఒరెస్తె తలుపు తెరిచి, నేరుగా నిమ్మతోట మలుపుకు వెళ్లి గోడ ఎదురుగా నిలబడ్డాడు. తొమ్మిదింటికి జనం మొదలయ్యారు. పిల్లలు, ముసలివాళ్లు, భుజాన గిటారులు, చంకన సీసాలు. ఎవరో ఒకడు గోడకు జారగిలబడి బూటులో రాయి దులుపుకున్నాడు; ఒరెస్తె ఊపిరి బిగబట్టాడు. గోడ కదల్లేదు. నీవెస్ ముంగిట బల్లలన్నీ నిండాయి. పొర్తేతో మంగలి దాటుతూ “ఏం ఒరెస్తె, గోడకి కాపలానా, గోడ నీకు కాపలానా?” అన్నాడు.

పదకొండు దాటాక ఆ గుంపులో ఎర్సీలియా కనిపించింది. పండగ కోటు, నల్ల బూట్లు, చేతిలో తోలు సంచి. ఎప్పుడూ దారిలో ప్రతి గోడనూ వేళ్లతో రాసుకుంటూ నడిచే మనిషి, దారి మధ్యలోంచి నడిచి వస్తోంది. ఒరెస్తెకు చెప్పాలనిపించింది: పొద్దుట నుంచి రెండు వందల మంది దాటారని, ఒక్క చిన్నరాయి కూడా జారలేదని. చెయ్యెత్తాడు.

అప్పుడే ఒకావిడ అతని మోచెయ్యి పట్టుకుని, పొర్తేతో ఇంకెంత దూరం, మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయి అని అడిగింది. నలభై నిమిషాలు, ఆ భోజనశాల వెనక కొళాయి ఉంది అని చెప్పి తల తిప్పేసరికి ఎర్సీలియా అతన్ని దాటేసింది. కేక వేస్తే వినపడేటంత దగ్గరే. అతను వేయలేదు. ఆమె వెనక్కి చూడలేదు. ముందర నడుస్తున్న పిల్లల గుంపును దాటుకుని, పొర్తేతో స్టేషను దారిన సాగిపోయింది. చెల్లెలుండే జెనోవాకు వెళ్లే పన్నెండుంబావు బండి అక్కడే ఆగుతుంది.